దీపావళి సాయంత్రానికి బజ్జీయా, పునుగులా, మురీ మిక్చరా?

లక్ష్మీపూజ ముగిసి, పిల్లలు మతాబులు పట్టుకొని మేడ మీదికి పరుగెత్తే వేళకు ఇంటికి పది మంది చుట్టాలు వస్తారు. వారికి ఆర్కే బీచ్ బండ్ల మీది రుచిని ఇంట్లోనే చేసి పెట్టాలనుకునే విశాఖవాసులు సాధారణంగా మిరపకాయ బజ్జీ, పునుగులు, మురీ (మరమరాల) మిక్చర్ అనే మూడింటి మధ్య ఊగిసలాడుతారు. మూడూ రుచికరమైనవే కనుక, పండుగ పూట పొయ్యి దగ్గర ఎవరు ఎంతసేపు నిలబడాలన్నదే నా దృష్టిలో అసలు కొలబద్ద.

బజ్జీకి లావుపాటి మిరపకాయలను నిలువుగా చీరి, గింజలు తీసి, చింతపండు గుజ్జులో వాము, ఉప్పు కలిపిన ముద్దను లోపల పూసి, శనగపిండి జారులో ముంచి వేయించాలి. పావు కిలో శనగపిండికి రెండు మూడు చెంచాల బియ్యపు పిండి చేరిస్తే పై పొర కరకరలాడుతుంది. ఇంతా చేసినా ఇంటి బజ్జీ మెత్తబడుతోందంటే ముందుగా అనుమానించవలసింది బాణలినే. బండి మీద లీటర్ల కొద్దీ నూనె కాగుతూ ఉంటుంది కనుక ఒకేసారి పదిహేను బజ్జీలు వేసినా వేడి అంతగా తగ్గదు. మన మూకుడులోని అర లీటరు నూనెలో ఎనిమిది వేస్తే వేడి పడిపోయి, పై పొర గట్టిపడటం ఆలస్యమై, బజ్జీ నూనె ఓడుతూ పైకి వస్తుంది. ఒక ఏడు తొందరలో నేను సరిగ్గా ఆ పనే చేశాను. పళ్లెంలో పరిచిన కాగితం అద్దంలా మారిపోయింది. మా పెద్దమ్మ ఒక బజ్జీని విరిచి చూసి, మాట్లాడకుండా పక్కన పెట్టేసింది. నాలుగేసి చొప్పున వేస్తే ఈ చిక్కు ఉండదు గాని, వాయి తరువాత వాయి తీస్తూ ఒకరు గంటసేపు వంటింట్లోనే ఉండిపోవాలి.

దీనికి విరుగుడు కూడా బండివారి దగ్గరే ఉంది, అదే బజ్జీని కోసి మళ్లీ వేయించే కట్ మిర్చి. దాని కోసం బజ్జీలను మధ్యాహ్నమే లేత రంగు వచ్చేవరకు వేయించి, చల్లారాక అంగుళం ముక్కలుగా కోసి ఉంచుకోవచ్చు. చల్లారేటప్పుడు లోపలి తేమ పై పొరకు చేరి దానిని మెత్తబరుస్తుంది. అతిథులు వచ్చాక బాగా కాగిన నూనెలో రెండోసారి వేస్తే ఆ తేమ పోయి, కోసిన అంచులు సైతం కరకరలాడతాయి. పైన ఉల్లిపాయ తరుగు, కారం చల్లి నిమ్మకాయ పిండితే చాలు.

పునుగులకు పులిసిన దోసెల పిండి ఇంట్లో ఎప్పుడూ ఉంటుందన్నది పెద్ద సౌలభ్యం. అయితే పిండి కాస్త జారైనా తోకలు వచ్చి నూనె పీలుస్తాయి, చల్లారితే సాగుతాయి, పైగా పల్లీ చట్నీ వేరే నూరుకోవాలి. అవి మరునాటి ఉదయానికి మేలు.

మురీ మిక్చర్‌కు నూనె మూకుడే అక్కరలేదు. పిల్లలు కాకరపువ్వొత్తులతో ఇల్లంతా తిరిగే రాత్రి ఇది చిన్న విషయం కాదు. దీనికి శత్రువు సముద్రపు గాలి. బాల్కనీలో మూత లేకుండా పెట్టిన మురీలు కాసేపటికే తోలులా సాగుతాయి. వాటిని సన్నని మంట మీద నాలుగు నిమిషాలు వేయించి, చల్లార్చి డబ్బాలో పోసి, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, నిమ్మరసం వడ్డించే క్షణంలోనే కలపాలి. పొట్లానికి వార్తాపత్రిక వద్దు. అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది.

నూనె విషయంలో మాత్రం ఇల్లే మేలు. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పోలార్ సమ్మేళనాలు (నూనె చెడేకొద్దీ పెరిగే పదార్థాలు) 25 శాతం మించితే దానిని వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ఉంది. బండి దగ్గర మనం దానిని కొలవలేము, ఇంట్లో కొత్త నూనె పోసుకోగలము.

అందుచేత మా ఇంట్లో దీపావళికి కట్ మిర్చి, నూనె తినని పెద్దలకు మురీ మిక్చర్ అని స్థిరపడింది. మరునాడు పాడ్యమితో కార్తీకం మొదలై ఉల్లి ఆగిపోతుంది. దోసకాయ, కొబ్బరి ముక్కలతో మురీ మిక్చర్ నెలంతా నడుస్తుంది గాని, ఉల్లిపాయ లేని కట్ మిర్చిని ఎవరూ అడగరు.