జాగ్రత్త: కుస్తీ, జూడో హాలుకు మ్యాట్లు కొనేవాళ్లు మందం ఒక్కటే చూసి డబ్బు కట్టకండి

కుస్తీ, జూడో, జుజిట్సు నేర్పే హాలు కొత్తగా పెడుతున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు పంపండి. హన్మకొండలో మేం నడిపే చిన్న హాలుకు వేరే రాష్ట్రంలోని ఒక సప్లయరు దగ్గర 40 ఎంఎం ఇంటర్‌లాక్ మ్యాట్లు (అంచుల్లోని పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరికించి కలిపే ఫోమ్ పలకలు) తెప్పించాం. ముందు కొరియర్‌లో పంపిన శాంపిల్ పలక గట్టిగా, బరువుగా, చాలా బాగుంది. లారీలో వచ్చిన సరుకు అది కాదు. రంగు అదే, పైన గీతలు అవే, స్కేలు పెట్టి చూస్తే మందం కూడా అంతే. లోపలి ఫోమ్ మాత్రం వేరు. పైగా మిగతా డబ్బు మొత్తం వేస్తేనే బండిలోంచి సరుకు దింపుతామన్నారు. కట్టలు ప్లాస్టిక్ చుట్టి ఉన్నాయి, విప్పి చూడనివ్వలేదు.

కాటాకు తగిలించి తూస్తే శాంపిల్ 4 కిలోల పైన తూగింది. అదే సైజులో వచ్చిన పలకలు రెండున్నర కిలోలు కూడా లేవు. ఫోన్ చేస్తే "40 ఎంఎం అడిగారు, 40 ఎంఎం ఇచ్చాం కదా సార్" అని ఒకటే మాట. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. బిల్లు తీసి చూస్తే "ఈవీఏ మ్యాట్, 40 ఎంఎం" అని మాత్రమే ఉంది. ఈవీఏ అంటే ఫోమ్ రకం పేరు, అంతే. డెన్సిటీ, అంటే ఆ ఫోమ్ ఎంత దట్టంగా ఉందన్న ఊసే లేదు. వాళ్ల ధైర్యం అదే.

ఈ లెక్క దయచేసి రాసి పెట్టుకోండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 40 ఎంఎం మందం ఉన్న పలక ఘనపరిమాణం 0.04 ఘనపు మీటర్లు. అమ్మేవాడు డెన్సిటీ 100 అంటే, అంటే ఘనపు మీటరుకు 100 కిలోలు అంటే, ఆ పలక 4 కిలోలు తూగాలి. మాకు వచ్చినవి 60 దగ్గర తేలాయి. జూడోకు వాడే తాతామీ పలక మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడవు ఉంటుంది. దాని డెన్సిటీ 230 అయితే 40 ఎంఎం పలక ఒక్కటే 18 కిలోలు దాటుతుంది. మందం అందరూ కొలుస్తారు కాబట్టి అందులో మోసం చేయడం కష్టం. ఫోమ్‌లో గాలి ఎక్కువ నింపితే సరుకు ఖర్చు తగ్గుతుంది, పైకి ఏమీ తెలియదు.

మెత్తగా ఉంటే మంచిదే కదా అని మట్టి అఖాడాలో పెరిగిన పెద్దవాళ్లు కూడా అన్నారు. మట్టి వేరు. తవ్వి మెత్తగా చేసిన మట్టిలో పాదం దిగినా, మనిషి తిరిగినప్పుడు పాదంతో పాటు మట్టీ జరుగుతుంది. మెత్తటి ఫోమ్‌లో పాదం దిగి అక్కడే పట్టుకుపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. ఆ మెలిక మోకాలికో చీలమండకో పడుతుంది. ఎత్తి పడేసినప్పుడైతే ఆ ఫోమ్ పూర్తిగా అణిగిపోయి కింది సిమెంటు నేల భుజానికి తగులుతుంది. 40 ఎంఎం ఉందన్న ధీమాతో మనం త్రోలు చేయిస్తాం, అసలు ప్రమాదం అక్కడుంది.

మెత్తటి ఫోమ్ అయితే పలకల్ని కలిపే పళ్లు కూడా నిలవవు. కాళ్లతో నెట్టిన కొద్దీ పలకల మధ్య సందులు తెరుచుకున్నాయి. రాష్ట్రస్థాయి సెలక్షన్స్‌కు తయారవుతున్న ఒక అమ్మాయి కాలి బొటనవేలు ఆ సందులో ఇరుక్కుని మడత పడింది. సెలక్షన్స్‌కు వెళ్లలేకపోయింది. మ్యాట్ల డబ్బు ఎలాగో సర్దుకుంటాం. ఆ పిల్ల సీజన్‌ను ఎవరు తిరిగి తెస్తారు? ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

ఆ సందుల్లోంచి చెమట కిందికి దిగి నేలమీదే నిలిచిపోతుంది. పైన ఎంత తుడిచినా కింద తడి అలాగే ఉంటుంది, నెమ్మదిగా వాసన మొదలవుతుంది. ఒంటికి ఒళ్లు రాసుకునే ఆట ఇది. తామర ఒకరికి వస్తే హాలంతా తిరుగుతుంది. అందుకే ఇంటర్‌లాక్ మ్యాట్లు వేసినా పైన ఒకే పెద్ద పీవీసీ కవరు బిగించి లాగి కట్టడం మంచిది. తుడవడం తేలిక, సందులు కాలికి తగలవు. రేకుల షెడ్డు వాళ్లకు ఇంకో మాట: మన ఎండాకాలం వేడికి ఈవీఏ కుంచించుకుపోతుంది, అంచులు పైకి లేస్తాయి. మ్యాట్లను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేయడమో, చుట్టూ చెక్క చట్రం కొట్టడమో తప్పదు. కొన్ని అదనపు పలకలు కూడా ముందే అదే బ్యాచ్‌లో తీసుకోండి. తర్వాత తెప్పిస్తే పళ్లు కలవకపోవచ్చు.

వాసన గురించి కూడా చెప్పాలి. కట్ట విప్పగానే గుప్పున కొట్టే ఘాటు రోజుల తరబడి తగ్గకపోతే ఆ హాల్లో పిల్లల్ని పడుకోబెట్టి ఆడించకండి. ఈ రకం ఫోమ్‌లో మిగిలిపోయే ఫార్మమైడ్ అనే రసాయనం కారణంగానే 2010లో బెల్జియం పిల్లల పజిల్ మ్యాట్ల అమ్మకాన్ని ఆపింది. సప్లయరును టెస్ట్ రిపోర్టు అడగండి, తప్పేమీ లేదు.

ఏది కొనాలని అడిగితే నా అభిప్రాయం ఇది. నేలమీద పట్లు మాత్రమే చేయించే హాలుకు గట్టి ఈవీఏ సరిపోతుంది. త్రోలు ఉంటే తాతామీ రకమే కొనండి, వీలైతే కింద ప్లైవుడ్‌తో కొద్దిగా ఊగే నేల కట్టించండి. డబ్బు చాలకపోతే హాలు సగమే వేయండి, మంచివి వేయండి. 20, 25 ఎంఎం ఎరుపు, నీలం మ్యాట్లు తైక్వాండోకు బాగుంటాయి, మనిషిని ఎత్తి వేయడానికి పనికిరావు.

ఆర్డరు పెట్టేటప్పుడు పలక సైజు, మందం, డెన్సిటీ, ఒక్కో పలక బరువు నాలుగూ కొటేషన్‌లోనూ బిల్లులోనూ రాయించుకోండి. తూకం తగ్గితే సరుకు వాపసు అన్న వాక్యం కూడా ఉండాలి. శాంపిల్ మీద వాళ్ల సంతకం, తేదీ వేయించి దాచండి. దింపాక రెండు మూడు కట్టలు విప్పి, తూచి, ఆ తర్వాతే మిగతా డబ్బు ఇస్తామని ముందే మెసేజ్‌లో ఒప్పించుకోండి. ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి.

మేం 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. "మీది వ్యాపారం, మీకు వినియోగదారుల చట్టం వర్తించదు" అని సప్లయరు బెదిరించవచ్చు, బెదరకండి. స్వయం ఉపాధిగా, బతుకుతెరువు కోసమే కొన్న వస్తువును 2019 చట్టం వాణిజ్య అవసరం కింద లెక్కించదు. జీతానికి కోచ్‌లను పెట్టి నాలుగైదు బ్రాంచీలు నడిపేవాళ్లకు ఇది కష్టం. సొంతంగా నేర్పుకుంటూ బతికేవాళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. బిల్లు, చాటింగ్, కాటా మీద పలక ఉన్న ఫోటో, శాంపిల్ పలక పారేయకుండా ఉంచుకోండి.