దువ్వెన పళ్లు: పాత క్యాసెట్లకి ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడిలో మాది పెళ్లి వీడియోల షాపు. ఈ మధ్య కొత్త పెళ్లిళ్ల కన్నా పాత క్యాసెట్ల పనే ఎక్కువ. ఇటు పాతపట్నం నుంచి, అటు గుణుపురం నుంచి సంచుల్లో వేసుకుని మినీ డీవీ క్యాసెట్లు తెస్తారు. అన్నీ ఇంటర్లేస్డే, అంటే ఒక్కో బొమ్మ రెండు సగాలుగా రికార్డైనవి. ఎనిమిదేళ్లుగా వాటి పని ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తున్నాను.

మొదట్లో నాకేం తెలీదు. 720 బై 576 బొమ్మని తిన్నగా 1080 గీతల హెచ్‌డీకి సాగదీసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేశాను. మర్నాడు ఒక అక్క వచ్చి, "ఏటి తమ్ముడూ, అక్షింతలేసినప్పుడు మా అమ్మ చెయ్యి దువ్వెనలాగుందేటి?" అంది. చూస్తే నిజమే, వేళ్ల అంచున పళ్లు. మన దగ్గర వాడిన పాల్ పద్ధతి వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు: సరి గీతలు ఒకదానిలో, బేసి గీతలు ఇంకోదానిలో. రెంటికీ మధ్య సెకనులో 50వ వంతు తేడా. ఆపాటికే చెయ్యి కదిలిపోతుంది. ఫీల్డులు విడదీయకుండా నిలువుగా సాగదీస్తే పాలూ నీళ్లూ కలిసినట్టే, ఇక విడదీయలేం. తప్పు నాదే, సాఫ్ట్‌వేర్‌ది కాదు. క్యాసెట్ మళ్లీ ఎక్కించుకుని మొదట్నుంచీ చేశాను.

ఇప్పుడు ఫైలు లోపలికి రాగానే ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ అనే సెట్టింగు తెరిచి, ఫీల్డులు విడదీసే సెపరేట్ ఫీల్డ్స్ చూస్తాను. డీవీకి లోయర్ ఫీల్డ్ ఫస్ట్, అంటే కింది గీతల ఫీల్డు ముందు; హెచ్‌డీవీ టేపుకి అప్పర్, అంటే పైగీతలది ముందు. క్యాప్చర్ కార్డుతో ఎక్కించిన వీహెచ్ఎస్‌ని మాత్రం నమ్మకూడదు, వరస ఎలాగైనా ఉండొచ్చు. అప్పుడు సెకనుకు 50 ఫ్రేముల కంప్‌లో (ఆఫ్టర్ ఎఫెక్ట్స్ టైంలైన్‌లో) వేసి ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపుతాను. డప్పు మీద పుల్ల రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి వేస్తోందంటే ఫీల్డుల వరస తిరగబడిందన్నమాట. పది సెకన్ల పని, చాలా తిట్లు తప్పిస్తుంది. ఒక క్లిప్పుకి కుదిరాక రిమెంబర్ ఇంటర్‌ప్రెటేషన్‌తో మిగతా వాటికీ అదే అంటించేస్తాను. చివర్లో కూడా 50 ప్రోగ్రెసివ్‌లోనే, అంటే సెకనుకు 50 నిండు ఫ్రేములుగానే ఇస్తాను. 25కి తగ్గిస్తే ఊరేగింపులో డాన్సు ఆగి ఆగి కుదుపుతున్నట్టు తోస్తుంది నాకు.

మామూలు పనికి ఇంతే చాలు. ట్రాకింగ్, పేర్లు అతికించడం, రంగులు, అన్నీ బాగానే నడుస్తాయి. చిక్కంతా సన్నటి అడ్డగీతలతోనే.

రెండేళ్ల తర్వాత అదే అక్క అదే క్యాసెట్ తెచ్చింది. వాళ్లమ్మ ఇప్పుడు లేరు. ఆమె ముఖానికి అడ్డంగా హాలోజన్ లైటు వైరు వెళ్లింది, తీసెయ్యమంది. ఫీల్డులు విడదీసి చూస్తే వైరు ఒక ఫ్రేములో ఉంది, తర్వాతి దాన్లో లేదు, మళ్లీ ఉంది. ఒక్క గీత మందమే కదా, ఒక ఫీల్డులోనే పడింది. ఒక్కో ఫీల్డులో ఉన్నవి 288 గీతలే, మిగతావి సాఫ్ట్‌వేర్ పక్కగీతల్ని బట్టి పూడుస్తుంది. దాంతో బొట్టు కూడా కిందికీ మీదికీ వణుకుతోంది. పక్క బొమ్మని నకలు తీసి అద్దే క్లోన్ బ్రష్‌తో ఎంత అద్దినా ఆ వణుకు పోదు.

అందుకే ముఖాలు దగ్గరగా ఉన్న షాట్లని ముందు అవిసింత్ అనే వీడియో ప్రోగ్రాంలో క్యూటీజీఎంసీ అనే ఉచిత స్క్రిప్టుతో కడిగి, తర్వాతే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కి తెస్తున్నాను. అది ముందూ వెనకా ఫీల్డుల కదలిక లెక్కగట్టి గీతలు నింపుతుంది, వణుకు చాలా తగ్గుతుంది. వైరు కూడా ప్రతి ఫ్రేములో ఒక్కచోటే నిలబడింది, అప్పుడు చెరిపాను. తొందర పనైతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంకో ప్రోగ్రాంలో బీడబ్ల్యూడిఫ్ అనే ఫిల్టరు చాలు, నాణ్యత కాస్త తక్కువ.

క్యూటీజీఎంసీతో నా గొడవల్లా నిదానమే. స్లోయర్ ప్రీసెట్ పెడితే ఒక పెళ్లి క్యాసెట్‌కి రాత్రంతా పడుతుంది. పెట్టి పడుకుంటాను. కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా చేతులెత్తేస్తే, పొద్దున్నే టీ తాగి మళ్లీ మొదటి నుంచి.