సూర్యారావుపేటలో స్వయంచోదిత నాడుల పరీక్ష: ఒక రోగి అనుభవం

పదిహేడేళ్ళుగా మధుమేహంతో కాపురం చేస్తున్న నాకు గత వేసవిలో రెండు కొత్త లక్షణాలు కనిపించాయి. నేల మీద కూర్చుని భోజనం చేసి లేచేటప్పుడు కళ్ళు బైర్లు కమ్మి, గోడ పట్టుకుని నిలబడవలసి వచ్చేది. రెండవది చెప్పుకోవడానికి కాస్త నామోషీగా ఉంటుంది. కారమే లేని పప్పన్నం తింటున్నా నుదురు, మెడ చెమటతో తడిసి చొక్కా కాలరు నానిపోయేది. పాదాలు మాత్రం, విజయవాడ రోహిణి ఎండల్లో సైతం, చుక్క చెమట పట్టక పొడిబారి పగిలి ఉండేవి. కొన్నాళ్ళు గుంటూరు మిరపకాయ మీదికి నెపం నెట్టాను. చివరకు మా డాక్టరు గారు విని, మన ప్రమేయం లేకుండానే చెమటను, రక్తపోటును నడిపే స్వయంచోదిత నాడులు దెబ్బతిన్నాయేమో చూడాలని, సూర్యారావుపేటలోని ఒక నరాల పరీక్షా కేంద్రానికి చీటీ రాసి ఇచ్చారు. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయను. అక్కడ జరిగిన మంచిచెడ్డలు మాత్రం ఇలాంటి పరీక్షకు వెళ్ళబోయేవారికి పనికివస్తాయి.

ముందుగా చెడ్డ. ఫోనులో సమయం ఇచ్చినవారు ఉదయం 8 గంటలకు రమ్మన్నారే గాని, ఎలా రావాలో చెప్పలేదు. సత్యనారాయణపురం నుంచి బయలుదేరే ముందు అలవాటు ప్రకారం ఫిల్టరు కాఫీ తాగి వెళ్ళాను. లోపలికి పిలిచిన టెక్నీషియన్ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న కాఫీ గురించే. కాఫీ, పొగాకు గుండె వేగాన్ని, రక్తపోటును మారుస్తాయి గనుక ఆ రోజు పరీక్ష చేస్తే అంకెలను నమ్మలేమని చెప్పి, నన్ను వెనక్కి పంపేసింది. ఆమె చేసినది సరైన పనే. ఆ ఒక్క మాట ఫోనులోనే చెప్పి ఉంటే నాకు ఒక పూట, రానుపోను ఆటో ఖర్చు మిగిలేవి. పైగా కేంద్రం రెండవ అంతస్తులో ఉంది, లిఫ్టు పని చేయడం లేదు. లేచి నిలబడితే కళ్ళు తిరిగే మనుషులు వచ్చే చోటికి మెట్లే దారి కావడం ఎవరికీ తప్పుగా తోచకపోవడం వింతగా ఉంది.

రెండవసారి, రెండు గంటల ముందు తేలికగా ఇడ్లీ తిని, కాఫీ మాని వెళ్ళాను. ఇక్కడి నుంచి నా ఫిర్యాదులు తగ్గుతాయి. ఛాతీకి తీగలు, చేతికి రక్తపోటు పట్టీ కట్టి, పది నిమిషాలు మాట్లాడకుండా పడుకోమన్నారు. తరువాత నిమిషానికి ఆరు శ్వాసల లెక్కన, అయిదు సెకన్లు పీల్చి, అయిదు సెకన్లు వదలమన్నారు. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం నుంచి గుండెకు దిగే వేగస్ నాడి గుండెకు కళ్ళెం లాంటిది. శ్వాసతో పాటు అది ఆ కళ్ళేన్ని వదులుతూ బిగిస్తూ ఉండడమే ఈ తేడాకు ప్రధాన కారణం. ఆ హెచ్చుతగ్గు నిమిషానికి 15 స్పందనలు గాని అంతకు మించి గాని ఉంటే మంచిది, 10 లేక అంతకు తక్కువైతే లోపమని లెక్క. నాకు 7 వచ్చింది.

ఆ పరీక్ష మధ్యలో ఒక సంగతి జరిగింది. ఎవరో గది తలుపు ధడాలున వేశారు. అమ్మాయి ఉలిక్కిపడింది, నా భుజాలూ ఎగిరిపడ్డాయి. ఉలికిపాటు కూడా మన అనుమతి అడగని అసంకల్పిత ప్రతీకార చర్యే, కాని అది కండరాల పని. తెర మీద గుండె వేగం 78 దగ్గరి నుంచి 79కి వెళ్ళి, ఏమీ ఎరగనట్టు తన నడక తాను నడిచింది. ఒళ్ళు బెదిరింది గాని గుండెకు ఆ కబురు సరిగా అందినట్టు లేదు. నేను ఆ అంకెనే చూస్తున్నానని గమనించి ఆమె, "దాన్ని లెక్కలోకి తీసుకోం బాబాయ్ గారూ, మళ్ళీ మొదటి నుంచి చేద్దాం" అని ఆ భాగాన్ని తిరిగి చేయించింది. తలుపుకు గడియ పెట్టుకోవలసిందన్న నా చిరాకు ఆ మాటతో సగం పోయింది.

తరువాతిది గొట్టంలోకి ఊది, ఒత్తిడి కొలిచే మీటరు ముల్లును 40 గీత దగ్గర 15 సెకన్లు నిలపడం. కంటిలో ఇటీవల రక్తస్రావం అయిందా, లేజరు చేయించుకున్నారా అని ముందే అడిగారు. మధుమేహ రోగులకు ఈ ప్రశ్న తప్పనిసరి, ఎందుకంటే బిగబట్టి ఊదితే కంటి రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. పిడికిలి బిగించే పరీక్ష కూడా చేశారు, దానిలో చెప్పుకోవలసినదేమీ లేదు.

అసలు విషయం నిలబడినప్పుడు బయటపడింది. మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారుతుంది. మెడలోని ధమనుల గోడల్లో, గుండె పైనున్న బృహద్ధమని వంపులో ఒత్తిడిని కనిపెట్టే నాడీ అంత్యాలు ఆ తగ్గుదలను మజ్జాముఖానికి చేరవేస్తాయి. అక్కడి నుంచి వెలువడిన ఆజ్ఞతో వేగస్ పట్టు సడలుతుంది, వేగస్‌కు ఎదురు పని చేసే సహానుభూత నాడులు కాళ్ళలోని, పొట్టలోని రక్తనాళాలను బిగిస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోవడం వల్లనే ఆరోగ్యవంతుడికి తాను నిలబడినట్టు తప్ప మరేమీ తెలియదు. పడుకున్నప్పుడు నా రక్తపోటు 138/82. నిలబడిన నిమిషానికి 112/74. నేను కూర్చోబోతే ఆమె ఆపి, మూడు నిమిషాలు పూర్తి కావాలంది. అప్పుడు 104/70. అంత పడిపోయినా గుండె వేగం మాత్రం 78 నుంచి 82కే వెళ్ళింది. మూడు నిమిషాల లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితేనే లోపంగా తీసుకుంటారు. నాది 34 తగ్గింది. ఒక్క నిమిషానికే చాలించే చోట్లు ఉంటాయని విన్నాను గనుక, వెళ్ళేవారు ఈ మూడు నిమిషాల సంగతి తప్పక అడిగి చేయించుకోవాలి.

చివర నరాల డాక్టరు గారు సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు బుద్ధిగా ఎగిరింది. ఆ దెబ్బకు సాగిన తొడ కండరం నుంచి కబురు వెన్నుపాముకు వెళ్ళి, ఒకే ఒక్క నాడీసంధి దాటి, మెదడుతో సంప్రదింపు లేకుండానే తిరిగి వస్తుంది. చీలమండ దగ్గర కొడితే మాత్రం పాదం కదలలేదు. రెండు చేతుల వేళ్ళను కొక్కేల్లా పెనవేసి గట్టిగా లాగమని, ధ్యాస మళ్ళించి మళ్ళీ కొట్టారు, అయినా లేదు. పొడవాటి నాడులు ముందుగా దెబ్బతింటాయని ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు. పాదాల చెమట ఎందుకు ఆగిందో నాకు అప్పుడు తెలిసింది.

మొత్తం 1,800 రూపాయలు తీసుకున్నారు. శ్రద్ధకు అది ఎక్కువేమీ కాదు. రిపోర్టు మాత్రం నిరాశపరచింది: అంకెల పక్కన ఇంగ్లీషులో ఒక్కొక్క ముక్క తప్ప, దాన్ని బట్టి రోగి ఏం చేయాలో ఒక్క వాక్యమూ లేదు. ఆ పని మా డాక్టరు గారే చేశారు. ప్రోస్టేటు కోసం ఉదయం వేసుకుంటున్న మాత్ర రక్తపోటును దించుతుందని దాన్ని రాత్రికి మార్చారు. మంచం తలవైపు ఎత్తు పెంచమన్నారు. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, ఆపైన నిలబడమన్నారు.

రిపోర్టు అసలు ప్రతిని మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు లిఫ్టు ఇంకా బాగుపడలేదు. కౌంటరు దగ్గర కాఫీ, టీ తాగి రాకూడదన్న కాగితం కొత్తగా అంటించి ఉంది, అదీ రెండవ అంతస్తులోనే.