మార్కులు కాదు, గీతను చూడండి: కాన్పు తర్వాత కటి కండరాలకు వాడే బయోఫీడ్‌బ్యాక్ ట్రైనర్‌పై సమీక్ష

యోనిలో పెట్టుకునే సిలికాన్ తొడుగు, లోపల గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్, బయటికి చిన్న తోక, ఫోన్‌లో యాప్. మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసే కటి కండరాలను బిగించినప్పుడు ఏం జరుగుతోందో తెర మీద చూపిస్తాయి, బయోఫీడ్‌బ్యాక్ అంటే అదే. ఇలాంటి ట్రైనర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, పనిచేసే తీరు దాదాపు ఒకటే. ఛార్జింగ్, బరువు, రంగుల సంగతి డబ్బా మీదే ఉంటుంది కాబట్టి వాటి జోలికి వెళ్లను. చాలాకాలం వాడాక చెప్పాల్సిన ముఖ్యమైన విషయం ఒక్కటే. యాప్ ఇచ్చే మార్కులు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. అదే తెర మీద ఓ మూలన ఒత్తిడితో పాటు పైకీ కిందికీ కదిలే గీత మాత్రం, చదవడం వస్తే, బంగారం.

ముందు మార్కుల మీద నా కోపం. పరికరం కొలిచేది యోనిలోని ఒత్తిడిని. ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో దానికి తెలియదు. కటి కండరాలు చుట్టూ బిగుసుకుని పైకి లాగినా పెరుగుతుంది, ఊపిరి బిగబట్టి కిందికి ముక్కినా పెరుగుతుంది. పొట్టను గట్టిగా లోపలికి పీల్చినా కొంత పెరుగుతుంది. యాప్‌కు మూడూ ఒకటే: అంకె పెరిగింది, మార్కులు పడ్డాయి, తెర మీద చప్పట్లు. అనుమానముంటే పరికరం లోపల పెట్టుకుని ఒక్కసారి గట్టిగా దగ్గి చూడండి. గీత ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. అది కండర బలం కాదు, పొట్టలోంచి కిందికి వచ్చిన ఒత్తిడి. నేను వాడిన యాప్ దాన్ని కూడా 'కొత్త రికార్డు' అని నమోదు చేసి, తర్వాతి వ్యాయామాల లక్ష్యాన్ని ఆ ఎత్తుకు జరిపింది. అంత ఎత్తు అందుకోవాలంటే ముక్కడం తప్ప వేరే దారి లేదు. అంటే ఒక్క దగ్గుతో యాప్ మనకు ముక్కడం నేర్పడం మొదలుపెడుతుంది. రికార్డును చెరిపేసే వీలు యాప్‌లో ఉందో లేదో కొనేముందే కనుక్కోండి. లేకపోతే కొత్త ఖాతా తెరిచి మొదటి నుంచి మొదలుపెట్టడమే మార్గం.

ఇది చిన్న విషయం కాదు. కాన్పులో సాగి నీరసించిన కండరాల మీదికి రోజూ కావాలని ఒత్తిడి తోయడమంటే, మూత్రం లీకయ్యే సమయంలో జరిగే పనినే సాధన చేయడం. గర్భసంచి గాని మూత్రాశయం గాని ఇప్పటికే కొద్దిగా జారి, సాయంత్రానికి కింద బరువుగా అనిపించే వాళ్లకు ఆ బరువు ఇంకా పెరుగుతుంది. సరిగ్గా బిగించడం అందరికీ సహజంగా వస్తుందనుకుంటే పొరపాటు. 1991లో బంప్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 47 మంది మహిళలకు నోటితో మాత్రమే వివరించి బిగించమంటే, సగం మందే సరిగ్గా చేయగలిగారు. పాతిక శాతం మంది చేసిన తీరు లీకేజీని పెంచే రకం. 1948లో డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ పరిచయం చేసిన పెరినియోమీటరు కూడా ఒత్తిడి కొలిచేదే. అయితే ఆయన దాన్ని ఒంటరిగా నమ్ముకోలేదు, కండరం కదులుతుందో లేదో ముందు వేలితో చూసి నిర్ధారించుకునేవారు. నేటి యాప్ ఆ మెట్టును ఎత్తేసి, దాని స్థానంలో మార్కులు పెట్టింది.

తేడా పట్టుకోవడానికి పరికరం తోకే పనికొస్తుంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, కింద అద్దం పెట్టుకోండి. సరిగ్గా బిగిస్తే తోక కొద్దిగా లోపలికి లాక్కున్నట్టు కదులుతుంది, యోనికి మలద్వారానికి మధ్య చర్మం లోపలికి పోతుంది. ముక్కితే తోక బయటికి జారుతుంది, ఆ చర్మం ఉబ్బుతుంది. బిగించినంతసేపూ పైకి అంకెలు లెక్కపెట్టండి. గొంతు ఆగిపోయిందంటే ఊపిరి బిగబట్టారన్నమాట. ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఉంచండి. పొట్ట కొద్దిగా లోపలికి వెళ్తే పర్లేదు, ముందుకు పొడుచుకొస్తే తప్పు. పిరుదులు, తొడలు మెత్తగా ఉండాలి. గ్యాస్ బయటికి రాకుండా ఆపుకున్నట్టు వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు, పైకి లాగితే చాలామందికి సరైన కండరం దొరుకుతుంది. మూత్రం మధ్యలో ఆపి చూసే అలవాటు మాత్రం వద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది.

ఇక గీత సంగతి. ఈ సమీక్ష రాస్తున్నదే దానికోసం. బిగించినప్పుడు గీత ఎంత ఎత్తుకు వెళ్లిందో అందరూ చూస్తారు. వదిలాక ఎలా దిగిందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న కండరమైతే వదలగానే, ఒకటి రెండు సెకన్లలో, మొదలైన చోటికి వచ్చేస్తుంది. సమస్య ఉన్నచోట గీత మెట్లు మెట్లుగా దిగుతుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. తర్వాతి బిగింపు ఆ మధ్య ఎత్తు నుంచే మొదలవుతుంది కాబట్టి పైకి లేచే దూరం తక్కువగా కనిపిస్తుంది. యాప్ అప్పుడేమంటుంది? కండరం బలహీనంగా ఉంది, ఇంకా ఎక్కువ సార్లు చేయమంటుంది. నిజానికి అక్కడ కొరత బలానిది కాదు, ఆ కండరానికి వదలడం చేతకావడం లేదు. వదలని కండరాన్ని ఇంకా ఇంకా బిగిస్తే నొప్పి ముదురుతుంది. ఎప్పుడూ సగం బిగిసే ఉండి అలసిపోయిన కండరానికి తుమ్ము వచ్చినప్పుడు బిగించడానికి ఏమీ మిగలదు, అందువల్ల కూడా లీకవుతుంది. కుట్లు మానిన చోట లాగినట్టుండడం, కలయికలో నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం, మలబద్ధకం, తోకెముక దగ్గర సలుపు ఉన్నవాళ్లు ముందు ఈ గీతే చూసుకోవాలి.

నేను కొన్నది బలం పెంచుకోవడానికి. పనికొచ్చింది వదలడం నేర్చుకోవడానికి. ఈ లాభం గురించి పరికరంతో వచ్చిన పుస్తకంలో ఒక్క ముక్క లేదు. పద్ధతి ఇది. యాప్‌లోని ఆటలు, సవాళ్లు వదిలేసి గీత ఒక్కటే కనిపించే విభాగం తెరవండి. అయిదు సెకన్లు సగం బలంతో బిగించి, పది సెకన్లు వదలండి. పది సెకన్లయినా గీత కిందికి రాకపోతే బీప్ మోగినా రెండోది మొదలుపెట్టొద్దు. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ పక్కటెముకలు పక్కలకు, పొత్తికడుపు మెత్తగా బయటికి రానివ్వండి. లోపలికి పీల్చినప్పుడు ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరంతో పాటు కటి కండరాలూ కొద్దిగా కిందికి ఒదుగుతాయి, వదిలినప్పుడు పైకి వస్తాయి. అలా అయిదారు శ్వాసలు తీసుకునేసరికి గీత ఊపిరితో పాటు సన్నగా అలలా ఊగడం మొదలవుతుంది. ఆ అల కనిపించిందంటే కండరం పట్టు వదిలిందని అర్థం. కాళ్లు కుర్చీ మీద పెట్టి పడుకుంటే చాలామందికి ఇది తేలిక. పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం కూడా మంచిదే. అల రాని రోజున బిగింపులు పూర్తిగా మానేసి శ్వాసతోనే ముగించాలి. యాప్ ఆ రోజుకు సున్నా ఇస్తుంది. ఇవ్వనివ్వండి.

ఇంతగా పొగిడిన గీతకూ పరిమితులున్నాయి. లోపల గాలి నిండిన పరికరం బయటి చల్లదనం నుంచి ఒంటి వేడిలోకి వెళ్లగానే ఆ గాలి వేడెక్కి ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది. పెట్టుకున్న వెంటనే, అప్పటి ఒత్తిడిని సున్నాగా లెక్కించే బటన్ నొక్కితే, రెండు మూడు నిమిషాల తర్వాత కండరం పూర్తిగా వదిలినా గీత పైనే కనిపిస్తుంది, లేని బిగుతు ఉందని భయపెడుతుంది. పెట్టుకుని కదలకుండా కొన్ని నిమిషాలు పడుకున్నాకే సున్నా చేయాలి. మూత్రాశయం నిండి ఉన్నా, విరేచనం కాకపోయినా అంకెలు మారతాయి. లోతూ ముఖ్యం. కండరాలు పట్టే భాగం యోని ద్వారం నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోపల ఉంటుంది, సెన్సర్ దాన్ని దాటి పైకి పోతే పొట్ట ఒత్తిడినే ఎక్కువగా కొలుస్తుంది. తోక దగ్గర గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అంతే లోతున ఉంచండి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా నిన్నటి అంకెను నేటి అంకెతో పోల్చలేం, మరొకరి అంకెతో అసలే పోల్చలేం. ఒకే విడతలో గీత ఆకారం ఎలా మారిందన్నదే నమ్మదగినది.

బ్లూటూత్ గురించి ఒక మాట. పడుకుంటే బాగానే పనిచేస్తుంది. కూర్చోగానే తెగిపోతుంది. పాడైందనుకుని తిప్పి పంపకండి. ఆ తరంగాలను నీరు పీల్చేస్తుంది, మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే. యాంటెన్నా ఉన్న తోక తొడల మధ్య నొక్కుకుపోతే సంకేతం బయటికి రాదు. తోకను ముందుకు తిప్పి, ఫోన్‌ను రెండు తొడల మధ్య ఉంచితే నిలబడుతుంది. నిలబడి చేసేటప్పుడు, కండరం బిగించకపోయినా చూపే అంకె దానంతటదే పెరిగిపోతుంది, పరికరం జారిపోతుంది, జారకుండా పట్టుకోవడానికి కండరం అదేపనిగా బిగుసుకుంటుంది. నిలబడి చేసే సాధనకు పరికరం తీసేయడమే మేలు. అక్కడ నేర్చుకోవాల్సింది వేరే: దగ్గు, తుమ్ము, బిడ్డను ఎత్తుకోవడం, వీటికి అర సెకను ముందు బిగించి, అయ్యాక వదిలేయడం. 1998లో అమెరికా పరిశోధకులు దీన్ని 'నాక్' పేరుతో పరీక్షించి, దగ్గినప్పుడు లీకేజీ తగ్గుతుందని చూపారు. దీనికి ఏ యాప్ అక్కర్లేదు.

గర్భంతో ఉండగా ఈ పరికరం లోపల పెట్టుకోవద్దు. ఆ నెలల్లో వ్యాయామం చేయడం మంచిదే, దానికి పరికరం అవసరం లేదు. కాన్పయ్యాక కనీసం ఆరు వారాలు ఆగి, రక్తస్రావం పూర్తిగా నిలిచి, కుట్లు మాని, డాక్టర్ పరీక్షించి సరేనన్నాకే మొదలుపెట్టాలి. కాన్పులో పడిన చీలిక మలద్వార కండరం దాకా వెళ్లిన వాళ్లు, అంటే మూడో నాలుగో డిగ్రీ చీలిక ఉన్నవాళ్లు, పరికరం కొనే ముందే పెల్విక్ ఫిజియోథెరపిస్టును కలవాలి. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండి యోని పొడిబారుతుంది కాబట్టి, పొడిగా పెట్టుకుంటే ఆ మంటకే కండరం బిగుసుకుని గీత మొత్తం తప్పుగా చూపిస్తుంది. నీటి ఆధారిత జెల్ వాడండి. సిలికాన్ జెల్ ఈ తొడుగును పాడుచేస్తుంది. కడగడానికి వాసన లేని సబ్బు, గోరువెచ్చని నీళ్లు చాలు. ఆరాకే పెట్టెలో పెట్టండి.

ఎంత చేయాలన్నదాంట్లోనూ యాప్ తొందరపెడుతుంది. బ్రిటన్‌లో వైద్య సలహాలు రూపొందించే నైస్ సంస్థ 2019 మార్గదర్శకాలు చెప్పేది రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు, కనీసం మూడు నెలలు, అదీ నిపుణుల పర్యవేక్షణలో. ఆ మూడింటిలో ఒక్క విడతకు పరికరం పెట్టుకుంటే ఎక్కువే. మిగతావి బిడ్డకు పాలిస్తూ కూడా చేసుకోవచ్చు. వారం తిరక్కుండానే స్థాయి పెంచమనే సందేశాలను ఆపేయండి.

మరి కొనాలా? బ్రిటన్‌లో 600 మంది మహిళలపై జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో, థెరపిస్టు దగ్గర వ్యాయామం నేర్చుకున్నవాళ్లకు కండరంలోని విద్యుత్ సంకేతాలు కొలిచే బయోఫీడ్‌బ్యాక్ జోడించినా, రెండేళ్ల తర్వాత లీకేజీ తీవ్రతలో తేడా కనిపించలేదు. అది వేరే రకం పరికరమే అయినా దాన్ని పక్కన పెట్టలేం. వేలితో చూసి సరిచేసే ఫిజియోథెరపిస్టు అందుబాటులో ఉంటే ముందు ఖర్చు అక్కడే పెట్టండి. నాకు ఈ పరికరం కలిసొచ్చిందంటే రెండు కారణాలు. ఒకటి, నాది రెండో డిగ్రీ చీలిక, అంటే మలద్వార కండరం దాకా వెళ్లనిది, బాగా మానింది, గర్భసంచి, మూత్రాశయం జారలేదు. రెండోది, బలం కంటే బిగుతే పెద్ద సమస్యగా తేలింది, అది చెప్పింది ఆ గీతే. నిజంగా కండరం నీరసించిన వాళ్లకు గీత అంతగా చెప్పేదేమీ ఉండదు, మార్కులు మాత్రం ముక్కడం వైపు లాగుతూనే ఉంటాయి. సిజేరియన్ అయినవాళ్లకు, కుట్టు దగ్గర పొట్ట కదలిక మారి ఉంటుంది కాబట్టి, నా అనుభవం ఎంతవరకు వర్తిస్తుందో వాళ్ల ఫిజియోథెరపిస్టే చెప్పాలి. కొంటే మాత్రం గీతను విడిగా చూపించి, మార్కులను పూర్తిగా దాచే వీలున్న యాప్ ఉన్నదే ఎంచుకోండి.