బ్లెండర్ డ్రైవర్లు: పడవ ఊపు కోసం వాడి చూశాక

నెల్లూరులో ఎల్ఈడీ బోర్డులకు యాడ్స్ చేస్తుంటాను. ఈమధ్య ఒక చేపల పులుసు హోటల్ కోసం బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో నీళ్లమీద పడవ ఊగే లూప్ (ఆగకుండా తిరిగి తిరిగి ఆడే వీడియో) చేశా. ఓనర్‌ది మైపాడు. చూడంగానే, "ఏందన్నా, పడవ ఉయ్యాల్లో పిల్లోడిలా ఊగతా ఉండాది? అల తగిలితే దిగ్గున లేస్తాది, దిగేటప్పుడే నిదానం" అన్నాడు. నిజమే. ఒడ్డుకొచ్చే అల ముందువైపు నిటారుగా, వెనకవైపు వాలుగా ఉంటుంది. నేను వాడిన మామూలు సైన్ వేవ్ (ఒకే తీరున పైకీ కిందికీ పోయే వంపు గీత) మాత్రం ఎక్కడానికీ దిగడానికీ ఒకే టైమ్ తీసుకుంటుంది.

బ్లెండర్‌లో కదలికను గీతగా చూపించే గ్రాఫ్ ఎడిటర్‌లో బిల్ట్‌ఇన్ ఫంక్షన్ మాడిఫయర్ ఉంది గానీ, దాంతో సైన్ ఎత్తు, వేగం, మొదలయ్యే చోటు లాంటివే మార్చగలం. నార్మలైజ్డ్ సైన్ అనే పేరు చూసి ఆశపడకండి. అది సైన్ ఎక్స్ బై ఎక్స్, పోనుపోను చచ్చుబడిపోతుంది.

అసలు సరుకంతా డ్రైవర్లలో ఉంది, అంటే ఒక గడిలోని విలువను ఫార్ములాతో నడిపించే ఏర్పాటు. రొటేషన్ గడిలో # కొట్టి ఫార్ములా రాస్తే గడి ఊదారంగుకు మారి పని మొదలెడుతుంది. నేను రాసింది ఇది: సైన్(ఎక్స్ + 0.5 × సైన్(ఎక్స్)). దీంతో 100 ఫ్రేముల్లో లేవడానికి సుమారు 36, దిగడానికి 64 పడతాయి. ఆ 0.5ని 0.8 చేస్తే తుఫాను రోజు. 1 దాటించారా, దిగే పడవ మధ్యలో మళ్లీ పైకి ఎగురుతుంది. లోపల కలిపిన సైన్‌ది కూడా అదే పీరియడ్ (ఒక చుట్టు పూర్తయ్యే టైమ్) కాబట్టి లూప్ తెగదు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 4 సెకన్ల లూప్ కావాలంటే ఎక్స్ అంటే ఫ్రేమ్ × 2 × పై / 100. 101వ ఫ్రేమ్ అచ్చం 1వ ఫ్రేమే, అందుకే 100తో రెండర్ (ఫ్రేముల్ని బొమ్మలుగా తీయడం) ఆపాలి. ఇంకోటి, ఇక్కడ కోణాలు రేడియన్లలో ఉంటాయి. 1 అంటే 57 డిగ్రీలు, పడవ బోల్తానే! మొత్తాన్ని 0.1తో గుణించండి.

నీటిమట్టానికి వేరే ఫార్ములా వాడా: ఎక్స్‌పొనెన్షియల్ లోపల సైన్, అంటే e (సుమారు 2.72) మీద సైన్‌ని ఘాతంగా పెట్టడం. అల కొన సన్నగా, పల్లం వెడల్పుగా వస్తుంది, చూడటానికి బాగుంది. దాని విలువలు 0.37 నుంచి 2.72 వరకు పోతాయి. 0.37 తీసేసి 2.35తో భాగిస్తే 0, 1 మధ్యకు వస్తాయి. లేదంటే నీళ్లన్నీ పైకి జరుగుతాయి.

నచ్చనిది ఒకటుంది. రాసిన ఫార్ములా ఫ్రేముల వెంబడి ఏ ఆకారంలో పోతుందో డ్రైవర్ ఎడిటర్ గీసి చూపించదు. ముందు గ్రాఫ్ కాలిక్యులేటర్‌లో చూసుకుని, తర్వాత ఇక్కడ టైప్ చేయాలి. ఫ్రీగా వచ్చే సాఫ్ట్‌వేర్ కదా అని నేను సర్దుకుపోతున్నా.

ఫైల్‌ని వేరే సిస్టమ్‌లో రెండర్‌కి ఇచ్చేవాళ్లకు ఒక మాట. సైన్, ఎక్స్‌పొనెన్షియల్ లాంటి మామూలు లెక్కలు స్క్రిప్టులు ఆపేసి ఉన్నా నడుస్తాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా రాసిన ఫంక్షన్లు వాడితే మాత్రం పడవ కదలకుండా నిలబడిపోవచ్చు. కీఫ్రేములుగా బేక్ చేసి, అంటే ఫార్ములా ఇచ్చే విలువల్ని ఫ్రేముల మీదే రాసేసి, ఇవ్వండి.