ఫైరింజను పంపుకు ప్రైమర్, రిలీఫ్ వాల్వు కొంటున్నారా? జాగ్రత్త

పరిశ్రమల్లో, గోదాముల్లో సొంత ఫైరింజను ఉండి, దాని పంపుకు విడిభాగాలు బయట కొనేవారి కోసం ఇది రాస్తున్నాను. మా కర్మాగారం బండికి ఒక డీలరు దగ్గర ఎలక్ట్రిక్ ప్రైమర్ (పంపులోని, పైపులోని గాలిని లాగేసే మోటారు పరికరం), థర్మల్ రిలీఫ్ వాల్వు (పంపులో నీళ్లు మరీ వేడెక్కితే బయటికి వదిలేది) తెప్పించాం. రెండూ పనికిరానివే. డబ్బు పోతే పోయింది, మంటలు లేచిన రోజున ఇది బయటపడి ఉంటే మా వాళ్ల గతి ఏమిటన్నదే నా కోపం.

మన భారీ లారీల ఛాసిస్ మీద కట్టిన ఫైరింజన్లలో సాధారణంగా 24 వోల్టుల బ్యాటరీ ఏర్పాటు ఉంటుంది. ఆర్డరులో ఆ సంగతి స్పష్టంగా రాశాం. వచ్చిన మోటారు మీదా 24 అనే ఉంది. స్విచ్ నొక్కగానే విపరీతమైన రొద, కాసేపటికే బ్రష్‌ల దగ్గర కాలిన వాసన, పొగ. విప్పి చూస్తే వేడికి స్టిక్కర్ అంచు లేచి ఉంది. గోటితో గీకితే కింద అసలు ప్లేటు కనిపించింది: 12 వోల్టులు. ఫొటోలు పంపితే, బిగించడంలోనే లోపమని, విద్యుత్ భాగాలకు వారంటీ వర్తించదని జవాబిచ్చారు. ఇది పొరపాటు కాదు, పచ్చి మోసం.

ఫైరింజనులోని సెంట్రిఫ్యూగల్ పంపు (చక్రం తిప్పి నీళ్లను విసిరే రకం) తనంతట తాను గాలిని లాగెయ్యలేదు. ట్యాంకు నీళ్లు అయిపోయి చెరువులో సక్షన్ పైపు వేసినప్పుడు, ఆ పైపులోని గాలిని తీసేయాల్సింది ప్రైమరే. అది పని చేయకపోతే ఎదురుగా నిండు చెరువు ఉన్నా నాజిల్‌లోంచి చుక్క రాదు.

వాల్వు సంగతి ఇంకా ప్రమాదకరం. నాజిల్ మూసి పంపు నడుస్తూ ఉంటే ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) అవే నీళ్లను చిలుకుతూ ఉంటుంది, నీళ్లు కాగిపోతాయి. ఇరుసు దగ్గర నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీల్ పాడవుతుంది, ఆపై నాజిల్ తెరిచినవాడి మీదికి మరిగే నీళ్లు వస్తాయి. అందుకే ఈ వాల్వు దాదాపు 49 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుని వేడి నీళ్లను బయటికి వదలాలి. ప్రైమర్ అనుభవం తర్వాత, వాల్వును బండికి బిగించకుండా ముందు గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు పెట్టి అందులో ముంచాం. నీళ్లు తెర్లుతున్నా లోపలి పిన్ను కదలలేదు.

కాబట్టి సరుకు రాగానే స్టిక్కర్ కింద ఏముందో చూడండి, ప్లేటు మీది సీరియల్ నంబరును తయారీదారుకు పంపి సరిచూసుకోండి. వాల్వును వేడి నీళ్లలో ముంచి చూడనిదే బిగించవద్దు. ప్రైమర్‌కు వాక్యూమ్ పరీక్ష తప్పనిసరి: సక్షన్ మూతలు బిగించి, పంపులో నీళ్లన్నీ వదిలేసి ప్రైమర్ నడిపితే వాక్యూమ్ గేజి 22 అంగుళాల పాదరసం (వాక్యూమ్‌ను కొలిచే లెక్క) చూపాలి. ఆపిన తర్వాత 5 నిమిషాల్లో 10 అంగుళాలకు మించి పడకూడదు. ఇది అమెరికాలోని అగ్నిమాపక ప్రమాణాల సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణంలోని లెక్క. సముద్ర మట్టానికి దగ్గరి ఊళ్లకు సరిగ్గా సరిపోతుంది, ఎత్తయిన చోట కొంత తగ్గుతుంది. ముల్లు ఎక్కువ పడితే ప్రైమర్‌నే అనుమానించకండి, కీళ్ల దగ్గరి రబ్బరు వాషర్లు, డ్రెయిన్ కాక్‌లు (నీళ్లు వదిలే చిన్న కుళాయిలు) ముందు చూడండి.

డబ్బు విషయంలోనూ గట్టిగా ఉండండి. ఈ పరీక్షలు నెగ్గిన తర్వాతే మిగతా సొమ్ము చెల్లిస్తామని కొనుగోలు ఆర్డరులోనే రాయించండి. అందుకు ఒప్పుకోని డీలరు ఎంత తక్కువ ధర చెప్పినా కొనవద్దు.