పదో తరగతి గణితం, భౌతికశాస్త్రం ట్యూషన్: హనుమకొండలో ఒక చిన్న బ్యాచ్ గురించి

హనుమకొండ నయీంనగర్‌లో ఒక అపార్ట్‌మెంటులో, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన ఒక ఉపాధ్యాయిని తెలంగాణ రాష్ట్ర సిలబస్‌లో పదో తరగతి చదివే పిల్లలకు గణితం, భౌతికశాస్త్రం చెబుతున్నారు. గడిచిన విద్యాసంవత్సరంలో మా అమ్మాయిని అక్కడికే పంపాం. వీధి పొడవునా కాలేజీల హోర్డింగులు, హాస్టళ్ల బోర్డులు కనిపించే ఆ ప్రాంతంలో ఈ ట్యూషన్‌కు మాత్రం బోర్డంటూ లేదు; పిల్లల్ని పంపినవాళ్లు చెబితే తెలియవలసిందే. రెండు సబ్జెక్టులకూ కలిపి నెలకు 2,500 రూపాయలు తీసుకుంటారు. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం గంటన్నర తరగతి ఉంటుంది.

ఈ ట్యూషన్‌కు పంపవచ్చునా అని అడిగేవారికి నా సమాధానం: భౌతికశాస్త్రం కోసమైతే నిస్సందేహంగా పంపవచ్చు, గణితం కోసమైతే కొంత ఆలోచించి పంపాలి.

భౌతికశాస్త్రం ఆమె ఎలా చెబుతారో తెలియాలంటే కటకాల పాఠం ఒక్కటి చూస్తే చాలు. నాభ్యంతరం (కటకం నుంచి, సమాంతర కిరణాలు కలిసే నాభి దాకా ఉన్న దూరం) 20 సెంటీమీటర్లు ఉన్న కుంభాకార కటకానికి 30 సెంటీమీటర్ల దూరంలో వస్తువును ఉంచితే ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుందన్నది ఏ గైడులోనైనా దొరికే లెక్కే. బడిలో సూత్రం రాయించి, విలువలు వేయించి, జవాబు కింద గీత గీయిస్తారు. వస్తుదూరానికి ఋణ గుర్తు పెట్టడం మరిచిన పిల్లలకు 12 సెంటీమీటర్లు వస్తుంది. జవాబు తప్పని తెలిసినా, అది ఎందుకు తప్పో వాళ్లకు అర్థం కాదు. ఈ ఉపాధ్యాయిని సూత్రం రాయడానికి ముందే కిరణచిత్రం గీయిస్తారు. వస్తువు నాభికీ, నాభ్యంతరానికి రెట్టింపు దూరానికీ మధ్య ఉంది కాబట్టి ప్రతిబింబం అవతలి వైపు 40 సెంటీమీటర్లు దాటే ఏర్పడాలని పిల్లల చేతనే చెప్పించి, ఆ మాటను నోటుపుస్తకం అంచున రాయించిన తరువాతే లెక్క మొదలుపెట్టనిస్తారు. అప్పుడు 12 వచ్చిన పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే వెనక్కి వెళ్లి గుర్తు సరిచేసుకుంటాడు, 60 రాబట్టుకుంటాడు. విద్యుత్ పాఠంలోనూ ఇదే పద్ధతి: 4 ఓమ్‌లు, 12 ఓమ్‌ల నిరోధాలను సమాంతరంగా కలిపినప్పుడు ఫలిత నిరోధం 4 కన్నా తక్కువే రావాలని ముందుగా నోటితో చెప్పనిదే కలం పట్టనివ్వరు. మా అమ్మాయి ఇప్పుడు ఏ లెక్క చేసినా జవాబు ఏ మాత్రం ఉండవచ్చో ముందే ఒక అంచనా వేసుకుంటోంది. నేను కట్టిన ఫీజు ఈ ఒక్క అలవాటుకే చెల్లిపోయిందని నా అభిప్రాయం.

గణితానికి వచ్చేసరికి ఆ ఓపిక కనిపించదు. బీజగణితం పరవాలేదు, వర్గ సమీకరణాలు, శ్రేఢులు చక్కగానే చెప్పారు. జ్యామితిలో మాత్రం సిద్ధాంతాల నిరూపణలను డిక్టేషన్ ఇచ్చి, మరునాటికి కంఠతా పట్టి రమ్మంటారు. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజిస్తుందనే థేల్స్ సిద్ధాంతాన్ని మా అమ్మాయి గడగడా ఒప్పజెప్పేది. ఒకనాడు నేను అదే బొమ్మలో డి, ఇ బిందువుల పేర్లు మార్చి పి, క్యూ అని రాసి ఇస్తే రెండో మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఒక త్రిభుజ వైశాల్యాన్ని రెండు వేర్వేరు భూముల (ఆధార భుజాల) మీద ఎందుకు లెక్కగడుతున్నామో తనకు ఎవరూ చెప్పలేదన్నమాట. ఈ సంగతి ఉపాధ్యాయినితో మర్యాదగానే ప్రస్తావించాను. పరీక్షలో పేర్లు మార్చి ఇవ్వరని, ఉన్న సమయంలో ఇంతకన్నా కుదరదని ఆమె అన్నారు. కటకాల దగ్గర అంత నిదానం చూపిన మనిషి నోట ఆ మాట రావడం నాకు ఆశ్చర్యంగానే తోచింది.

వేగం విషయంలో మరో ఇబ్బంది ఉంది. పబ్లిక్ పరీక్షలో భౌతిక, రసాయన శాస్త్రాలకు కలిపి ఇచ్చే పత్రం 40 మార్కులది, సమయం గంటన్నర. ప్రతి లెక్కకూ ముందు బొమ్మ, అంచనా, ఆ పైన సూత్రం అంటూ అలవాటుపడిన పిల్లలు మొదట్లో ఆ వ్యవధిలో పత్రం ముగించలేకపోయారు. గడియారం పెట్టి పరీక్షలు రాయించడం సంక్రాంతి సెలవుల తరువాత గానీ మొదలు కాలేదు. దసరా నాటికే మొదలుపెట్టి ఉంటే చివర్లో అంత హడావిడి ఉండేది కాదు. పైగా రసాయనశాస్త్రం ఆమె చెప్పరు. ఆ సగం బడిలోనో, ఇంట్లోనో చూసుకోవలసిందే. చేర్చే ముందు ఇది తప్పనిసరిగా అడిగి తెలుసుకోవలసిన విషయం, ఎందుకంటే సైన్సు అంతా చెబుతారనుకుని వచ్చి, నెల తిరగకుండానే మానిపించిన తల్లిదండ్రులను చూశాను.

బ్యాచ్‌లో పదిమందికి మించి తీసుకోనని చేరేటప్పుడు చెప్పిన మాటను డిసెంబరు దాకా నిలబెట్టుకున్నారు. పరీక్షలు దగ్గరపడ్డాక కొత్తవాళ్లు చేరి గది ఇరుకైంది, అప్పటిదాకా ప్రతి నోటుపుస్తకాన్నీ స్వయంగా దిద్దిన ఆమె ఒకరి పుస్తకం మరొకరి చేత దిద్దించడం మొదలుపెట్టారు. బడుల్లో పదో తరగతికి సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టాక ట్యూషన్ వేళ కూడా వెనక్కి జరిగి, ముగిసేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయ్యేది. దూరం నుంచి వచ్చే ఆడపిల్లల కోసం ఇంట్లో ఒకరు కింద గేటు దగ్గర కాచుకుని ఉండవలసి వచ్చేది.

ఐఐటీ ఫౌండేషన్ కావాలనేవారు ఇక్కడికి వెళ్లనవసరం లేదు. అది తాను చెప్పనని ఆమె మొదటి రోజే స్పష్టంగా అంటారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆరో తరగతి నుంచే ఆ పేరుతో అదనపు పుస్తకాలు, అదనపు ఫీజు అంటగట్టే బడుల నడుమ ఇలా అనగలిగినవారు తక్కువ. కొత్త బ్యాచ్ జూన్‌లో బడులు తెరిచాక మొదలవుతుంది. మొదటి వారం ఫీజు అడగరు కనుక ఆ వారంలో భౌతికశాస్త్ర తరగతితో పాటు జ్యామితి తరగతి ఒకటైనా పిల్లల్ని విననిచ్చి, నోటుపుస్తకం తిరగేసి నిర్ణయించుకోవచ్చు. మా రెండో వాడు వచ్చే ఏడాది పదికి వస్తాడు; వాణ్ణి భౌతికశాస్త్రానికి మాత్రమే ఇక్కడ చేర్చి, గణితానికి వేరే చోటు చూడాలనుకుంటున్నాం. ఒక్క సబ్జెక్టుకైతే ఫీజు 1,500 రూపాయలని ఆమె చెప్పారు.